సమాధానకర్తయగు అధిపతి: పావురం బొమ్మ వెనక ఏముంది?

(హనుమకొండలో పండుగకు ముందు జరిగిన ఒక సెమీ క్రిస్మస్ కూడికలో చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ వందనాలు. అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, అక్కలకు, అన్నలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లకు కూడా వందనాలు. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి తమ్ముడూ, వచ్చి కూర్చోండి, నేను ఎవర్నీ లేపి వాక్యం అప్పజెప్పమని అడగను. నా తర్వాత పిల్లల నాటిక ఉందట. గొర్రెల కాపరులు గొంగళ్లు కప్పుకుని ఇప్పటికే అటూ ఇటూ తిరుగుతున్నారు, వాళ్లను ఎక్కువసేపు ఆపడం నావల్ల కాదు.

పాస్టర్ అయ్యగారు నన్ను బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం తొమ్మిదో అధ్యాయం ఆరో వచనం మీద మాట్లాడమన్నారు. ఆ వచనం ఇక్కడ చాలామందికి నోటికి వచ్చు. "ఏలయనగా మనకు శిశువు పుట్టెను, మనకు కుమారుడు అనుగ్రహింపబడెను, ఆయన భుజముమీద రాజ్యభారముండును." ఆ తర్వాత పేర్లు. ఆశ్చర్యకరుడు, ఆలోచనకర్త, బలవంతుడైన దేవుడు, నిత్యుడగు తండ్రి, సమాధానకర్తయగు అధిపతి. అన్నీ చెప్పాలంటే రేపు పొద్దున దాకా కూర్చోవాలి. నేను చివరిది ఒక్కటే తీసుకుంటాను. సమాధానం అంటే ఇక్కడ జవాబు కాదు, శాంతి. ఎందుకు చివరిదే అంటారా? మనం ఎక్కువ వాడేది అదే, తక్కువ ఆలోచించేదీ అదే.

డిసెంబర్ వస్తే ఈ పేరు ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది. ఫ్లెక్సీ మీద, గ్రీటింగ్ కార్డు మీద, వాట్సాప్ స్టేటస్‌లో. పక్కన ఒక తెల్ల పావురం, కింద కొంచెం మంచు. మన వరంగల్‌లో మంచు ఎక్కడిది అని ఎవరూ అడగరు. నాకు పావురం మీద కోపమేమీ లేదు. కానీ ఆ బొమ్మ చూసీ చూసీ మనకు ఒక ఆలోచన అలవాటైపోయింది. సమాధానం అంటే గొడవ లేకపోవడం, ఎవరూ గొంతు పెంచకపోవడం, ఎవరి కష్టం వాళ్ల కడుపులో పెట్టుకుని చర్చికి వచ్చి నవ్వుకుంటూ వందనాలు చెప్పుకోవడం. యెషయా ఈ మాట చెప్పినప్పుడు ఆయన చుట్టూ ఏం జరుగుతోందో చూస్తే ఆ పావురం అక్కడ ఒక్క నిమిషం కూడా వాలదు.

ఏం జరుగుతోంది? క్రీస్తుకు ముందు సుమారు 735వ సంవత్సరం. యూదా రాజధాని యెరూషలేములో ఆహాజు రాజు. ఉత్తరాన దమస్కు రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు, ఇద్దరూ కలిసి యూదా మీదికి వచ్చారు. పెకహు జనం ఎవరు? పరాయివాళ్లా? ఒక్క యాకోబు సంతానమే, మన భాషలో చెప్పాలంటే పాలోళ్లు. పాలోళ్ల కొట్లాట ఎంత చేదుగా ఉంటుందో మీకు నేను చెప్పాలా? గాలికి అడవి చెట్లు ఊగినట్టు రాజు గుండె, జనం గుండె ఊగిపోయాయని ఏడో అధ్యాయంలో రాసి ఉంది. యెషయా వెళ్లి భయపడకు, నిమ్మళంగా ఉండు, వీళ్లిద్దరూ ఆరిపోతున్న కొరకంచులు అని చెప్పాడు. ఆహాజు విన్నాడా? వినలేదు. ఆ రోజుల్లో పెద్ద సామ్రాజ్యమైన అష్షూరు (అస్సీరియా) రాజు తిగ్లత్పిలేసెరు దగ్గరికి మనుషుల్ని పంపాడు. నేను నీ దాసుణ్ణి, నీ కొడుకుని, వచ్చి నన్ను వీళ్ల చేతిలోంచి తప్పించు అన్నాడు. ఉత్త చేతులతో పంపాడా? దేవుని మందిరంలో ఉన్న వెండీ బంగారం, రాజు ఇంటి ఖజానాలో ఉన్నదీ తీసి కానుకగా పంపాడు. రాజుల రెండవ గ్రంథం పదహారో అధ్యాయం, ఇంటికి వెళ్లి చదువుకోండి, కథ భలే ఉంటుంది.

గెట్టు పంచాయితీ తెంపడానికి బయటి నుంచి ఒక రౌడీని పిలిచామనుకోండి. వాడు వస్తాడు, పాలోణ్ణి కొడతాడు, గెట్టు మనకు అనుకూలంగా జరుపుతాడు. ఆ తర్వాత వెళ్లిపోతాడా? మన వాకిట్లోనే మంచం వేసుకుంటాడు. అష్షూరు అదే చేసింది. క్రీ.పూ. 733, 732లలో గలిలయను, నఫ్తాలి దేశాన్ని తొక్కేసింది, దమస్కును పడగొట్టింది, జనాన్ని చెరపట్టుకుపోయింది. ఆహాజు ఊపిరి పీల్చుకున్నాడు. సమాధానం వచ్చింది అనుకున్నాడు. ఆయన కొడుకు హిజ్కియా రోజులు వచ్చేసరికి, క్రీ.పూ. 701లో, అదే అష్షూరు యూదా మీద పడింది. ప్రాకారాలున్న 46 పట్టణాలు పట్టుకున్నానని సన్హెరీబు రాజు తన శాసనంలో గొప్పగా చెక్కించుకున్నాడు. హిజ్కియా మందిరం తలుపులకు ఉన్న బంగారం కూడా ఊడదీసి ఇచ్చుకోవాల్సి వచ్చింది. తండ్రి బంగారంతో కొన్న సమాధానానికి కొడుకు తలుపులు గీకి వడ్డీ కట్టాడు.

ఇప్పుడు తొమ్మిదో అధ్యాయం తెరవండి. మొదటి వచనంలో ఏ ఊళ్ల పేర్లు ఉన్నాయి? జెబూలూను, నఫ్తాలి, గలిలయ. అంటే అష్షూరు సైన్యం ముందుగా తొక్కిన నేలే. చీకటిలో నడిచే జనులు గొప్ప వెలుగు చూస్తారు అన్నది ఆ నేల గురించి. యెరూషలేము రాజమహల్లో దీపాలు పెట్టుకున్నవాళ్ల గురించి కాదు. ఆ తర్వాత చాలా కాలానికి సువార్త రాసిన మత్తయి, యేసు నజరేతు విడిచి కపెర్నహూముకు వచ్చి కాపురమున్నాడని రాస్తూ ఇదే వచనం ఎందుకు ఎత్తి రాశాడో ఇప్పుడు తెలుస్తుంది కదా. దెబ్బ ఎక్కడ తగిలిందో వైద్యం అక్కడే మొదలైంది.

ఆరో వచనం చదవడం మనకు ఇష్టం. ఐదో వచనం ఎప్పుడైనా క్రిస్మస్ కార్డు మీద చూశారా? అందులో ఏముందో తెలుసా? యుద్ధంలో తొడుక్కునే జోళ్లు, రక్తంలో పొరలిన బట్టలు, అన్నీ అగ్నిలో వేసి కాల్చేస్తారు అని ఉంది. చెప్పులు! సమాధానం గురించి చెప్పడానికి యెషయాకు ముందుగా గుర్తొచ్చింది సైనికుడి కాలి జోళ్ల చప్పుడు. ఎందుకంటే ఆ రోజుల్లో అష్షూరు సైన్యం వస్తోందని ఊరికి తెలిసేది చప్పుడుతోనే.

ఇక్కడ యాభై దాటినవాళ్లు చాలామంది ఉన్నారు. మీకు బూట్ల చప్పుడు గురించి నేను చెప్పక్కర్లేదు. ములుగు, భూపాలపల్లి, పరకాల వైపు ఊళ్లలో పుట్టినవాళ్లకు ఎనభైలు, తొంభైలు ఎలా గడిచాయో గుర్తుంటుంది. రాత్రి కుక్కలు మొరిగితే దీపం ఆర్పేసేవాళ్లు. వచ్చింది నక్సలైట్లా, పోలీసులా అని గొంతు విని గుర్తుపట్టేవాళ్లు. ఒకరికి అన్నం పెట్టినందుకు ఇంకొకరి చేతిలో దెబ్బలు తినేవాళ్లు. 2004లో శాంతి చర్చలు అన్నారు, అందరం ఆశగా చూశాం, 2005 జనవరికల్లా అవి తెగిపోయాయి. ఎవరిది తప్పు అనే చర్చ ఇక్కడ పెట్టను, పెడితే నాటిక రేపటికి పోతుంది. నేను చెప్పేది ఒక్కటే, జోళ్లు కాల్చేస్తారు అనే మాట ఏసీ గదిలో కూర్చుని చదివేవాడికి కవిత్వంలా ఉంటుంది, ఆ చప్పుడు విన్నవాడికి వార్తలా ఉంటుంది.

దానికి ముందు నాలుగో వచనం. అందులో ఒక పేరు ఉంది, చాలామంది దాటుకుని వెళ్లిపోతారు. "మిద్యాను దినమున జరిగినట్లు" అన్నాడు. మిద్యాను దినం అంటే ఏమిటి? గిద్యోను కథ. సండే స్కూల్ పిల్లలూ, గిద్యోను సైన్యం ఎంతమంది? మూడు వందలు, శభాష్. కానీ నేను అడిగేది ఆ మూడు వందల కన్నా ముందు సంగతి. న్యాయాధిపతుల ఆరో అధ్యాయం చూడండి. ఇశ్రాయేలీయులు విత్తనం వేస్తారు, పంట చేతికొచ్చే టైంకి మిద్యానీయులు ఒంటెలు వేసుకుని మిడతల దండులా వచ్చి పడతారు, గింజ మిగల్చరు, గొర్రెను మిగల్చరు. ఏడేళ్లు ఇదే. దేవదూత వచ్చేసరికి గిద్యోను ఎక్కడున్నాడు? గానుగ చాటున గోధుమలు దుళ్లగొడుతున్నాడు. రైతు బిడ్డలు ఉన్నారు ఇక్కడ, చెప్పండి, గోధుమలు చాటున దుళ్లగొడతారా ఎవరైనా? కల్లం అంటే గాలి తగిలే ఎత్తు జాగాలో ఉండాలి, లేకపోతే పొట్టు ఎలా ఎగురుతుంది? ఆ మనిషి తన కష్టం తానే దొంగతనంగా తినాల్సిన పరిస్థితి.

ఆ గిద్యోను అక్కడ ఒక బలిపీఠం కట్టాడు. దానికి ఏం పేరు పెట్టాడో తెలుసా? "యెహోవా సమాధానకర్త". ఇరవై నాలుగో వచనం. ఇంకా మిద్యానీయులు పోలేదు, ఇంకా మూడు వందల మంది పోగవలేదు, కుండలు పగలలేదు, బూరలు ఊదలేదు. పంట పోతూనే ఉంది. ఆ టైంలో ఒక రైతు దేవునికి ఈ పేరు పెట్టాడు. యెషయా తొమ్మిదో అధ్యాయంలో నాలుగో వచనంలో మిద్యాను పేరు ఎత్తి, ఆరో వచనంలో సమాధానకర్త అన్నాడంటే ఆ పాత కథ ఆయన మనసులో లేకుండా ఉంటుందా? నాకైతే ఉందనే అనిపిస్తుంది.

పాలకుర్తి ఇక్కడికి ఎంత దూరం? చాకలి ఐలమ్మ కథ తెలిసినవాళ్లకు గిద్యోను కథ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆమె కౌలుకు తీసుకుని, చెమటోడ్చి పండించిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు గుంజుకుపోవడానికి వచ్చారు. సంఘం వాళ్లు అడ్డం నిలబడి పంట ఆమె ఇంటికి చేర్చారు. సంఘం అంటే మన సంఘం కాదులెండి, ఆంధ్ర మహాసభ. మన సంఘాలు అప్పుడు ఏం చేస్తున్నాయన్నది వేరే ప్రసంగం. ఆ రోజు ఎవరైనా పెద్దమనిషి వచ్చి "గొడవెందుకు ఐలమ్మా, సమాధానపడు" అన్నాడనుకోండి, దాని అర్థం ఏమిటి? పంట వదిలెయ్ అని. అంతేగా?

ఇప్పుడు ఏడో వచనానికి రండి. నేను ఇందాకటి నుంచి దీనికోసమే వస్తున్నాను. ఈ అధిపతి రాజ్యం దేనివల్ల నిలుస్తుందని రాసి ఉంది? "న్యాయమువలనను నీతివలనను." సైన్యం వల్ల అనలేదు. అందరూ నోరు మూసుకోవడం వల్ల అని కూడా అనలేదు. ఆరో వచనంలో పేరు ఉంది, ఏడో వచనంలో ఆ పేరుగల మనిషి ఎలా పరిపాలిస్తాడో ఉంది. మనం ఏం చేశాం? పేరు కత్తిరించి కార్డు మీద అచ్చేసుకున్నాం, పరిపాలన వదిలేశాం.

కొంచెం కఠినంగా మాట్లాడతాను, పెద్దలు ఏమీ అనుకోవద్దు. అనుకున్నా సరే. ఊరి పంచాయితీలో ఏం జరుగుతుందో చూడండి. రెండు గుంటల భూమి కోసం ఒక బలమైన ఇల్లు, ఒక బలహీనమైన ఇల్లు. పెద్దమనుషులు కూర్చుంటారు, చాయ్ తాగుతారు, చివరికి ఎవరితో "సద్దుకపోవాలె" అంటారు? బలమున్నవాడితో అనగా మీరు ఎప్పుడైనా విన్నారా? నేను వినలేదు. కాగితం మీద సంతకాలు అవుతాయి, రాజీ అయిపోయింది అంటారు, ఊరు ప్రశాంతంగా ఉంది అంటారు. ఆ రెండు గుంటలు పోయినవాడు రాత్రి పడుకుంటాడా లేదా అని మళ్లీ ఎవరూ వెళ్లి చూడరు.

ఊరు సరే, మన సంగతి? ఒక ఆడబిడ్డ మొహం వాచి చర్చి పెద్దల దగ్గరికి వస్తుంది. భర్త తాగి కొట్టాడు, మొదటిసారి కూడా కాదు. మనం ఏమంటాం? "ప్రార్థన చెయ్యమ్మా, ఓర్చుకో, సమాధానంగా ఉండు, కుటుంబం చెదిరిపోతే సాక్ష్యం పోతుంది." ఎవరి సాక్ష్యం పోతుంది? కొట్టినవాడిది పోవాలి కదా? సమాధానకర్తయగు అధిపతి పేరు చెప్పి దెబ్బలు తిన్నదాన్ని మళ్లీ అదే ఇంటికి పంపితే ఆ పేరును ఎటువైపు వాడినట్టు? అక్కా, ఎవరైనా ఇలాంటి కష్టంలో ఉంటే 2005లో వచ్చిన గృహ హింస చట్టం ఉంది, సఖి కేంద్రం ఉంది, 181 అనే నంబర్ ఉంది. ఆ నంబర్‌కు ఫోన్ చేయడం అవిశ్వాసం కాదు. ప్రార్థన చేసుకుంటూనే ఫోన్ చెయ్యొచ్చు. పెద్దలు ఆమెను ఇంటికి పంపే ముందు అతన్ని పిలిపించి కూర్చోబెట్టాలి, ఆమెకు ఉండడానికి జాగా చూడాలి.

యిర్మీయా ప్రవక్త ఈ మాటే అన్నాడు, ఆయన యాజకుల ఇంట్లో పుట్టినవాడు, లోపలి సంగతులు తెలిసినవాడు. సమాధానం లేని సమయంలో సమాధానము సమాధానము అని చెబుతూ నా ప్రజల గాయాన్ని పైపైన మాత్రమే బాగుచేస్తున్నారు అన్నాడు. ఆరో అధ్యాయం పద్నాలుగో వచనం. ఎవర్ని తిట్టాడు? ప్రవక్తల్ని, యాజకుల్ని. అంటే ఇక్కడ స్టేజీ మీద కూర్చున్నవాళ్లను, నన్ను కలిపి.

ఇంకో సంగతి కూడా అదే వచనాల్లో ఉంది, త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. నాలుగో వచనంలో బరువు ఎవరి మీద ఉంది? జనం మెడ మీద కాడి, వీపు మీద కొరడా. ఆరో వచనానికి వచ్చేసరికి బరువు ఎవరి భుజం మీదికి మారింది? "ఆయన భుజముమీద రాజ్యభారముండును." మనం చూసిన అధిపతులు ఎలా ఉంటారు? జనం భుజాల మీద ఎక్కి కూర్చుంటారు. ఈయన కిందికి దిగి తానే మోస్తాడు. ఆ భుజం మీద తర్వాత ఏం పెట్టారో మీకు తెలుసు.

ఇక బేత్లెహేముకు వద్దాం, లేకపోతే క్రిస్మస్ ప్రసంగంలో బేత్లెహేము రాలేదని అమ్మగారు నన్ను అడుగుతారు.

లూకా రెండో అధ్యాయం ఎవరి పేరుతో మొదలవుతుంది? యేసు పేరుతోనా? రోమా చక్రవర్తి కైసరు ఔగుస్తు పేరుతో. లోకమంతటికీ ప్రజాసంఖ్య రాయాలని ఆజ్ఞ. ఎందుకు రాయడం? పన్ను కోసం. ఈ ఔగుస్తును ఆ రోజుల్లో లోకమంతా ఏమని పొగిడేదో తెలుసా? శాంతి తెచ్చినవాడు అని. రోములో ఆయన పేరు మీద శాంతికి ఒక పెద్ద పాలరాతి బలిపీఠమే కట్టారు. క్రీ.పూ. 13లో కట్టాలని తీర్మానం చేసి, క్రీ.పూ. 9లో ప్రతిష్ఠ చేశారు, ఇవాళ రోముకు వెళ్తే ఇప్పటికీ చూడొచ్చు. అంటే బేత్లెహేము గొర్రెల కాపరులకు "భూమిమీద సమాధానము" అనే పాట వినపడేసరికి, రోములో శాంతి పేరు మీద బలిపీఠం నిలిచి కొన్నేళ్లయింది.

ఆ శాంతి ఎలా ఉండేది? రోము కింద అక్కడ రాజుగా ఉన్న హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడు. గలిలయలో తిరుగుబాటు లేచింది. సిరియా నుంచి వారుస్ అనే రోమా అధికారి సైన్యంతో వచ్చాడు. సెఫోరిస్ అనే పట్టణాన్ని కాల్చేశారు, అక్కడి జనాన్ని బానిసలుగా అమ్మేశారు. తిరుగుబాటుదారులని చెప్పి సుమారు రెండు వేల మందిని సిలువ వేశారని యోసేపస్ అనే చరిత్రకారుడు రాశాడు. సెఫోరిస్ ఎక్కడుంది? నజరేతు నుంచి ఆరు కిలోమీటర్లు. మనకు ఇక్కణ్ణుంచి కాజీపేట అంత దూరం. యేసు పెరిగిన ఊరి నుంచి నడిచి వెళ్లే దూరంలో ఒక కాలిపోయిన పట్టణం. ఆ ఊరి పెద్దవాళ్లు ఆ సంగతులు చెప్పుకోకుండా ఉంటారా? రోమా శాంతి అంటే ఏమిటో ఆ పిల్లవాడికి ఎవరూ పుస్తకంలో చూపించాల్సిన పని లేదు.

అందుకే పెద్దయ్యాక ఆయన ఏమన్నాడు? "శాంతి మీ కనుగ్రహించి వెళ్లుచున్నాను... లోకమిచ్చునట్టుగా నేను మీ కనుగ్రహించుట లేదు." లోకం ఇచ్చేది ఎలా ఉంటుందో కళ్లారా చూసినవాడి మాట అది.

ఇక్కడ తెలివైన తమ్ముడు ఎవరైనా చెయ్యెత్తి, మరి మత్తయి పదిలో "ఖడ్గమునే గాని సమాధానమును పంపుటకు నేను రాలేదు" అన్నాడు కదా, ఇదేంటి అని అడగొచ్చు. మంచి ప్రశ్న. ఇప్పటిదాకా చెప్పింది విన్నారు కదా, న్యాయం మొదలుపెడితే ముందు ఇంట్లోనే గొడవ లేస్తుంది. దెబ్బలు తిన్న ఆడబిడ్డ వైపు మాట్లాడి చూడండి, మీ చుట్టాల్లో ఎంతమంది మీతో మాట్లాడడం మానేస్తారో. ఆ ఖడ్గం మన చేతికి ఇచ్చింది కాదు, మన మీదికి వచ్చేది.

చివరగా ఒక గోడ గురించి చెబుతాను. ఎఫెసీయులకు రాసిన పత్రికలో, రెండో అధ్యాయంలో, పౌలు "ఆయన మన సమాధానమైయుండి" అంటాడు. ఆ వెంటనే, క్రీస్తు ఒక మధ్యగోడను పడగొట్టాడు అంటాడు. ఏం గోడ? యెరూషలేము మందిరంలో నిజంగానే ఒక గోడ ఉండేది. అన్యులు, అంటే యూదులు కానివాళ్లు, అక్కడిదాకానే రావాలి. దాని మీద గ్రీకు భాషలో రాతిపలకలు పెట్టారు. పరజాతివాడెవడూ ఈ అడ్డు దాటకూడదు, దాటి దొరికితే వాడి చావుకు వాడే బాధ్యుడు అని. ఆ పలకల్లో ఒకటి 1871లో దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. పౌలును జనం కొట్టింది కూడా దీని మీదే, త్రోఫిము అనే ఎఫెసు మనిషిని లోపలికి తెచ్చాడని పుకారు పుడితే. ఎఫెసు మనిషి కోసం దెబ్బలు తిన్నవాడు ఎఫెసు వాళ్లకు ఉత్తరం రాస్తూ గోడ పడిపోయింది అంటున్నాడు. ఊరికే అనలేదు.

మన దగ్గర గోడ లేదా? డోర్నకల్ మనకు పరాయి ఊరు కాదు, మొన్నటిదాకా మన జిల్లానే. అక్కడ బిషప్‌గా ఉన్న వి.ఎస్. అజరయ్య, 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. దానికి రెండేళ్ల ముందు, 1910లో, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల పెద్ద సభ జరిగింది. తెల్లవాళ్లతో నిండిన ఆ సభలో ఈ మనిషి లేచి నిలబడి ఏమన్నాడో తెలుసా? మీరు బీదలకు మీ ఆస్తులు ఇచ్చారు, మీ శరీరాలు కాల్చుకోవడానికి ఇచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. ఆ మాట అక్కడ కొందరికి నచ్చలేదు. నచ్చుతుందా? స్కూల్ ఇచ్చాం, ఆస్పత్రి ఇచ్చాం, ఇంకేం కావాలి అనుకునేవాళ్లకు, మాతో కూర్చుని అన్నం తినండి అని చెబితే నచ్చుతుందా? కానీ నేను అనుకుంటున్నాను, ఆ సభలో సమాధానం గురించి జరిగిన అసలు ప్రసంగం అదే.

తెల్లవాళ్లను అనడం సులువు. మన పెళ్లి సంబంధాల దగ్గరికి వస్తే? బాప్తిస్మం ఒకటే, బల్ల ఒకటే, పిల్లను ఇచ్చేటప్పుడు మాత్రం ఏ కులం క్రైస్తవులు అని అడుగుతాం. నవ్వుతున్నారు. నవ్వేవాళ్లలో సగం మంది అడిగినవాళ్లే ఉంటారు. ఒకే ఊళ్లో ఒకే డినామినేషన్‌కు రెండు చర్చిలు ఎందుకున్నాయని బయటివాళ్లు అడిగితే సిద్ధాంత భేదం అంటాం. ఏం సిద్ధాంతమో మనకు తెలుసు. ఏ వాడవాళ్లు ఎక్కడ కూర్చుంటారో, ఎవరి చేతి వంట ఎవరు తింటారో, చివరికి సమాధుల దగ్గర ఎవరి వరుస ఎక్కడో, అన్నీ తెలుసు. ఆ రాతిపలక ఇస్తాంబుల్‌లో ఉందని చెప్పాను కదా, అది ఒక్కటే కాదు, మన దగ్గర కూడా కొన్ని ఉన్నాయి, మనవాటి మీద అక్షరాలు లేవు అంతే.

బేత్లెహేములో ఇప్పుడు ఎలా ఉంది అని కూడా కొందరు నన్ను అడిగారు. ఆ పట్టణం పక్కన ఎత్తైన కాంక్రీటు గోడ ఉంది, 2002 తర్వాత కట్టడం మొదలుపెట్టారు. 2023లో గాజా యుద్ధం వల్ల అక్కడ క్రిస్మస్ వేడుకలు మానేశారు. ఒక చర్చిలో బాలయేసు బొమ్మను శిథిలాల రాళ్ల మధ్య పెట్టారు. సమాధానకర్త పుట్టిన ఊళ్లోనే సమాధానం లేదు, మరి యెషయా మాట ఏమైంది అని అడిగితే నేను దబాయించి జవాబు చెప్పను. యేసు కూడా యెరూషలేమును చూసి ఏడ్చాడు, సమాధాన సంబంధమైన సంగతులు నీకు తెలిసి ఉంటే ఎంత బాగుండు అని. ఏడ్చాడంటే అది తేలికైన సంగతి కాదని ఆయనకు తెలుసు. ఏడో వచనంలో ఆయన రాజ్యానికి "మితిలేకుండ వృద్ధి" అని ఉంది. వృద్ధి అంటే ఒక్క రాత్రిలో అయ్యేది కాదు, పెరగాలి. పెరిగే దానికి ఎవరో ఒకరు నీళ్లు పోయాలి.

యేసు చనిపోయి తిరిగి లేచిన తర్వాత శిష్యుల దగ్గరికి వచ్చి ఏమన్నాడో గుర్తుందా? "మీకు సమాధానము కలుగును గాక." ఆ వెంటనే ఏం చేశాడు? చేతులు చూపించాడు, పక్క చూపించాడు. గాయం దాచలేదు. శిష్యులు పారిపోయిన సంగతి కూడా మరుగున పడలేదు. తర్వాత పేతురును నిప్పుల దగ్గర కూర్చోబెట్టి నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. మనలాగా "పోనీలే, అయిందేదో అయింది" అని గాయం మీద బట్ట కప్పలేదు, గాయం చూపించి మాట్లాడాడు.

సరే, అయ్యగారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట చెప్పి దిగిపోతాను. ఇక్కడికి వచ్చేటప్పుడు ఆటోలో ఒక తమ్ముడు చెప్పాడు, మీ సంఘంలో క్యారల్ రౌండ్స్‌కు రెండు బృందాలు ఉన్నాయట. పై వాడ బృందం ఒకటి, కింది వాడ బృందం ఒకటి. పై బృందం కింది వాడకు రాదట, కింది బృందం పై వాడలో పాడితే తలుపులు తియ్యరట. ఎవరు మొదలుపెట్టారో నాకు అనవసరం. ఈ ఇరవై మూడో తారీఖు రాత్రి ఒక్క బృందంగా వెళ్లండి, ముందు కింది వాడ నుంచి మొదలుపెట్టండి, ఆ వాడలో ఎవరి ఇంట్లో టీ ఇస్తే వాళ్ల ఇంట్లో కూర్చుని తాగండి, గ్లాసు వాళ్లదే వాడండి. కీబోర్డ్ ఎవరు మోయాలి, డప్పు ఎవరు కొట్టాలి అన్నది పెద్దలు ఇవాళే తేల్చండి, ఇద్దరు పెద్దలూ ముందు వరుసలోనే ఉన్నారు, ఒకరి పక్కన ఒకరు కాదులెండి, మధ్యలో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలూ, స్టేజీ మీదికి రండి.